మడచెట్టు బిడ్డను ఒడి దించని కథ

ఒకప్పుడు మడచెట్టు కూడా అన్ని చెట్లలాగే గింజలు రాల్చేది. కాయ పండగానే వదిలేసేది. "పొండి నాయనా, ఎక్కడో ఒకచోట బతకండి" అనేది. ఉప్పుటేటి ఒడ్డున అదొక్కటే ఉండేది, పాపం.

ఒక ఏడు ఉప్పెన వచ్చింది. ఒడ్డునున్న పల్లెలో ఇళ్లు పోయాయి, వలలు పోయాయి. మరిడమ్మ అనే తల్లికి ఏడాది నిండిన కూతురు పోయింది.

నీళ్లు తీశాక ఊరిపెద్ద గంగన్న అందర్నీ పిలిచాడు. "మనకూ సముద్రానికీ మధ్య అడ్డేమీ లేదు. ఇంటిల్లిపాదీ దిగి మడగింజలు నాటుదాం. చెట్లు లేస్తే ఉందాం. లేకపోతే ఊరొదిలి పోదాం" అన్నాడు.

గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని అందరూ మోకాటి లోతు బురదలో దిగారు. ముసలీ ముతకా కూడా నాటారు. సాయంత్రం సముద్రపు పోటు వచ్చింది. గింజలన్నీ కొట్టుకుపోయాయి.

మళ్లీ నాటారు. మళ్లీ పోయాయి.

"సముద్రంలో వరినాట్లు వేస్తున్నాం కదర్రా!" అని నాటుతున్నవాళ్లలో ఒకతె, అప్పాయమ్మ, నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మూడోసారీ పోయాయి. "ఇక మూటలు కట్టుకోండి" అన్నాడు గంగన్న.

మరిడమ్మ మూట కట్టలేదు. "నా పిల్ల ఈ నీళ్లలోనే ఉంది. నేనెక్కడికి వస్తాను, బాబాయ్?" అంది. తిన్నగా ఏటి ఒడ్డుకు వెళ్లింది.

"ఎందుకు తీసుకుపోతున్నావు?" అని పోటును అడిగింది.

"కావాలని కాదమ్మా" అంది పోటు. "నిలబడలేనివన్నీ నాతో వచ్చేస్తాయి. నేనేం చెయ్యను?"

మడచెట్టు జాలిపడింది. "ఇంకా గింజలిస్తాను, పట్టుకెళ్లు" అంది.

"గింజలొద్దు తల్లీ" అంది మరిడమ్మ. "ఆ రోజు బిడ్డ నా చంకలోనే ఉంది. మేక కట్టు విప్పుదామని ఒక్క క్షణం దించాను. బిడ్డకింకా కాళ్లు కుదరలేదు. నువ్వు మాత్రం దించకమ్మా. కాళ్లు నిలిచేదాకా దించకు."

 చెట్టు ఆ ఏడు ఒక్క గింజనూ వదల్లేదు. గింజలు కొమ్మ మీదే మొలకెత్తాయి. జానెడు పెరిగాయి, మూరెడయ్యాయి.

"ఏమమ్మోయ్, ఇంతేసి పిల్లల్ని ఇంకా ఎత్తుకున్నావా? కొమ్మలు విరుగుతాయి!" అని కొంగ ఎకసెక్కం చేసింది.

"విరగనీ" అంది చెట్టు.

మరిడమ్మ బతిమాలితే ఊరు ఒక్క ఏడు ఆగింది. అందరూ ఆ మొలకల్ని నాటారు. పోటు వచ్చింది, తడిమింది, వెళ్లిపోయింది. మొలకలు నిలబడే ఉన్నాయి.

కొన్నేళ్లకు మళ్లీ ఉప్పెన వచ్చింది. పెరిగిన మడచెట్లలోనే విరిగి వెనక్కి పోయింది. తెల్లారాక గంగన్న ఇంటింటికీ వెళ్లి పిల్లల్ని లెక్క చూసుకున్నాడు. అందరూ ఉన్నారు. మరిడమ్మ గుమ్మం ముందు మాత్రం తలదించుకుని, ఏమీ అడక్కుండా దాటిపోయాడు.

అప్పటినుంచే మడచెట్టు గింజను గింజగా రాల్చదు. కొమ్మ మీదే మొలకెత్తించి, ఎంత బరువైనా మోస్తుంది. బురదలో పడీపడగానే నిలబడగలదని నమ్మకం కుదిరాకే, మెల్లగా చెయ్యి వదులుతుంది.