ఎల్లాజీ బిగించిన ఇంజను

విశాఖ చేపల రేవులో బోటు ఇంజన్లు బాగుచేసే గవరయ్య మేస్త్రికి ప్రశ్నలంటే విసుగు లేదు, జవాబు చెప్పడమంటేనే విసుగు. ఎవరేమడిగినా చేతులు గుడ్డకు తుడుచుకుని, అడిగినవాణ్ణే ఏదో పనికి పురమాయిస్తాడు. ఎనిమిదేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న సూరాడ ఎల్లాజీకి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ రోజు అడగక తప్పలేదు.

ఓలేటి మసేనమ్మ బోటు ఇంజనును మొదటిసారి అతనొక్కడే విప్పి, రింగులు, బేరింగులు మార్చి, మళ్లీ బిగించాడు. మేస్త్రి స్పానరు ముట్టుకోలేదు. ఆ బోటులో వేటకు వెళ్లేది మసేనమ్మ ఇద్దరు కొడుకులు. నడిసముద్రంలో ఇంజను ఆగిందంటే బోటు గాలి ఎటు తోస్తే అటే. వారం రోజులుగా ఒక ఏజెంటు రేవులో తిరుగుతూ ఇంజను ఆయిల్లో కలిపే మందు అమ్ముతున్నాడు. అది పోస్తే అరుగుదలే ఉండదట. ఆయిలు మొత్తం తీసేసినా ఇంజను తిరుగుతూనే ఉన్న వీడియో సెల్‌ఫోనులో చూపిస్తున్నాడు. మసేనమ్మ ఒక డబ్బా కొని తెచ్చి ఎల్లాజీ చేతిలో పెట్టింది.

“ఇది నిజంగా పనిచేస్తదంటారా గురువుగారూ? పోయించుకున్న మూడు బోట్లవాళ్లూ ఇంజను మెత్తగా తిరుగుతోందంటున్నారు” అన్నాడు ఎల్లాజీ.

ఆ బోట్లకు ఆయిలు, ఫిల్టరు ఎప్పుడు మార్చారో కనుక్కు రమ్మన్నాడు మేస్త్రి. ఎల్లాజీ జెట్టీ అంతా తిరిగి వచ్చాడు. మూడింటికీ డబ్బా పోసిన రోజునే నల్లబడ్డ ఆయిలు తీసి కొత్తది పోశారు, ఫిల్టరూ మార్చారు. మెత్తగా తిరగడానికి అదే చాలు. పేరు మాత్రం డబ్బాకొచ్చింది. ఎల్లాజీ నవ్వుకున్నాడు గానీ, పోస్తే పోయేదేముందని మనసులో ఒక మూల పీకుతూనే ఉంది.

మర్నాడు ఉదయం బోటు బయల్దేరుతుంటే ఏజెంటు కూడా జెట్టీ మీదికి వచ్చి, ఇంకా పోయలేదేమని అడిగాడు. ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. ఇంజను ఎవరు బిగిస్తే వాళ్లు మొదటి వేటకు ఆ బోటులో వెళ్లాలి. గవరయ్య ఆ సంగతి చెప్పి, డబ్బాను మర్యాదగా ఏజెంటు చేతికిచ్చాడు.

“ఇది పోస్తే ఇంజను పూచీ తమరిదవుతుంది బాబూ. మంచిదే, ఎక్కండి. మూడ్రోజుల్లో వచ్చేస్తారు. కూరకి చేపలు కూడా దొరుకుతాయి.”

ఏజెంటు వాచీ చూసుకున్నాడు. తనకు సముద్రం పడదన్నాడు. అయినా కంపెనీ పూచీ అట్టపెట్టె మీదే అచ్చయి ఉందన్నాడు.

“అట్టపెట్టెకి ఈతొస్తదా బాబూ?” అంది మసేనమ్మ.

మేస్త్రి డబ్బాను వెనక్కి తీసుకుని, ఎల్లాజీకి అందించాడు. పోస్తావో మానతావో నీ ఇష్టమన్నట్టు నిలబడ్డాడు. ఎల్లాజీ మూత మీద వేలు పెట్టి ఆగాడు. బేరింగు బోల్టులు ఒక్కొక్కటీ వరసగా గుర్తుకొచ్చాయి. ఎంత బిగువు కావాలో అంతే బిగించి, రెండోసారి సరిచూసుకున్నాడు. షాఫ్టును చేత్తో తిప్పినప్పుడు ఎక్కడా పట్టలేదు. ఆయిలు ఇంజను పుస్తకంలో చెప్పిన రకమే. ఇక ఈ మందు చేయాల్సిన పని ఏమిటో అతనికి తోచలేదు. డబ్బా మసేనమ్మకు ఇచ్చేసి, “నేను వెళ్తున్నానమ్మా, చాలు” అని బోటెక్కాడు.

మూడు రోజులూ రోజుకు రెండుసార్లు గేజీ కడ్డీ తీసి చూశాడు. ఆయిలు మట్టం గీత దిగలేదు. ఇంజను శబ్దం ఒక్కసారి కూడా మారలేదు. మూడో రోజు మధ్యాహ్నం బోటు నిండా కానాగంత చేపలతో తిరిగొచ్చింది. జెట్టీ మీద దిగినా ఎల్లాజీ కాళ్ల కింద నేల ఇంకా ఊగుతూనే ఉంది.

మసేనమ్మ కొడుకులిద్దర్నీ కళ్లారా చూసుకుంది. తర్వాత గవరయ్య దగ్గరికి వచ్చి, డబ్బా ఇంట్లో ఊరికే పడి ఉంది, పై వేటకైనా పోయించమంటావా అని అడిగింది.

“నన్నడుగుతావేటి మసేనమ్మా?” అన్నాడు గవరయ్య. “సముద్రం మీంచి వచ్చింది నేను కాదు. ఎల్లాజీ మేస్త్రిని అడుగు.”