పొగలో కంకణం

"వచ్చే ఉగాదికల్లా పొగగొట్టానికి వడపోత బిగిస్తాం, మాట ఇస్తున్నాం" అని కొలిమి అధికారి భుజంగరాయలు పల్లె జనం ముందు ప్రకటించాడు. మూడు ఉగాదులు వెళ్లిపోయాయి. కోటలో జలయంత్రాలు నీళ్లు చిమ్మాలి కాబట్టి కొలిమిలో రాక్షసిబొగ్గు మండుతూనే ఉంది. పొగ దిగే చెరువులోని చేపలు తిని తిని, సోమలింగం మనవరాలు చెంబెడు నీళ్లు తొణక్కుండా పట్టుకోలేకపోతోంది.

విగ్రహాలకు బంగారు పూత వేసే సోమలింగానికి ఆ వణుకు బాగా తెలుసు. పూతపనిలో పాదరసం ఆవిరి పీల్చి అతని తండ్రి చేతులూ అలాగే వణికాయి.

కొలిమి పొగలోనూ పాదరసం ఉందని రాజసభలో చెబితే భుజంగరాయలు నవ్వాడు.

"బొగ్గులో పాదరసమేమిటయ్యా? ఆ పొగ సాంబ్రాణంత మంచిది. అయినా రాజ్యం వెలగాలంటే ఆమాత్రం పొగ ఓర్చుకోవాలి."

"వెలుగు తమరికీ, ఓర్పు మాకూనా అండీ? సరే, తమరి బంగారు కంకణాన్ని నెల రోజులు ఆ గొట్టం మూతి దగ్గర వేలాడదీద్దాం. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుంది. పచ్చగానే ఉంటే నా తల తీయించండి."

రాజుకు ఈ పందెం నచ్చింది. "ఇవ్వవయ్యా రాయలూ, నీకేం పోయింది?"

భుజంగరాయలు చెయ్యి అంగీలో దాచుకున్నాడు. "మా తాతగారి కంకణం ప్రభూ. తెల్లబడిపోతే ఏం చేసేది?"



"విన్నారుగా ప్రభూ," అన్నాడు సోమలింగం. "అయ్యగారి కంకణం నెల రోజులు ఉండలేని పొగలో నా మనవరాలు పుట్టినప్పటి నుంచీ ఉంటోంది. ఎందుకుండాలో కార్తీక పౌర్ణమిలోగా మాకు జవాబు కావాలి."