పొట్టేలు నాదే, తీర్పూ నాదే

ఒకానొక రాజ్యం ఉండేది. ఎక్కడని మాత్రం నన్నడక్కండి, అటువంటివి అన్ని దిక్కులా ఉంటాయి. దాన్నేలే విక్రమకేతుడికి తన తెలివి మీద కొండంత నమ్మకం. కొలువుల్లో పక్షపాతం జరిగితే మొరపెట్టుకోమని ఆయన ఒక ఫిర్యాదుల కచేరీ పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎవరి మీద ఫిర్యాదు వస్తే వాళ్లే దాన్ని విచారించాలని ఒక ఆనవాయితీ కూడా పెట్టాడు. అసలు సంగతి వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుందని మీసం దువ్వుకునేవాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదండీ!

ఆ నగరంలో పోలక్క అని ఒక మావటి కూతురుంది. తండ్రి మంచాన పడ్డప్పటి నుంచీ పట్టపుటేనుగును కడిగి, మేపి, నడిపించింది ఆ పిల్లే. తండ్రి పోయాక ఆ కొలువు తనకిప్పించమని అడిగింది. గజశాల అధికారి ఓబళయ్య ఎగతాళి చేశాడు. ఆడదానికి అంకుశమెందుకు, పోయి గరిటె పట్టుకోమన్నాడు. ఏనుగు తొండమెత్తితే వణికిపోయే ఒక మగవాడికి ఆ పని కట్టబెట్టాడు.

పోలక్క కచేరీలో మొరపెట్టుకుంది. ఆ మొర తిన్నగా ఓబళయ్య దగ్గరికే వెళ్లింది. ఆయన తనను తాను విచారించుకుని తన తప్పేమీ లేదని తేల్చేశాడు. పైగా ఫిర్యాదు చేసిందన్న కక్షతో, గజశాల వెనక వాళ్లుంటున్న గుడిసె కూడా ఖాళీ చెయ్యమన్నాడు. కొలువూ పోయె, గూడూ పోయె. ఇద్దరు చెల్లెళ్లని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆమె ఆస్థాన విదూషకుడు తిప్పన దగ్గర గొల్లుమంది. ఒక్కరోజు ఓపిక పట్టమని తిప్పన ఆమెని పంపించాడు.

రాజుగారికి పొట్టేళ్ల పందాలంటే పిచ్చి. మర్నాడు తిప్పన ఒక బక్క పొట్టేలుని తోలుకొచ్చి, రాజుగారి పొట్టేలుతో పందెం కాస్తానన్నాడు. గెలుపోటములు తేల్చే పెద్దగా తననే ఉండనిమ్మన్నాడు. నిలబడడానికే ఓపిక లేని ఆ జీవాన్ని చూసి రాజు సరేనన్నాడు.

రాజుగారి పొట్టేలు ఒక్క కుమ్ము కుమ్మింది. తిప్పనది ఒకటే పరుగు తీసి గడ్డివాములో దూరింది. తిప్పన గంభీరంగా లేచి తన పొట్టేలే గెలిచిందని ప్రకటించాడు.

రాజు కళ్లెర్రజేశాడు. "కళ్లుండే చెబుతున్నావా? అది పారిపోయింది."

"విచారించాను ప్రభూ. పారిపోలేదు, మేతకి వెళ్లింది."

"ఇది అన్యాయం. నేనొప్పుకోను."

"అయితే ఫిర్యాదు చేసుకోండి ప్రభూ. నాకే చేసుకోండి, నేనే విచారిస్తాను."

"పొట్టేలూ నీదే, తీర్పూ నీదేనా? ఇక నాకు న్యాయం చేసేదెవరు?"

"పోలక్క కూడా అదే అడుగుతోంది ప్రభూ," అంటూ తిప్పన చేతులు కట్టుకుని సంగతంతా విన్నవించాడు.

రాజుకి సిగ్గేసింది. అప్పటికప్పుడు ఆ ఆనవాయితీ కొట్టేశాడు. ఇకమీదట ఏ సంబంధమూ లేనివాళ్లే విచారించాలనీ, మొరపెట్టుకున్నవాళ్ల మీద కక్ష సాధిస్తే శిక్ష తప్పదనీ చాటించాడు. ఈ విచారణ నువ్వే చెయ్యమని తిప్పనతో అన్నాడు.

"వద్దు ప్రభూ," అన్నాడు తిప్పన. "నేను పోలక్క తరఫున మాట్లాడినవాణ్ణి. నా తీర్పు ఓబళయ్య ఎందుకు నమ్మాలి? నేనంటే గిట్టనివాణ్ణెవరినైనా వెయ్యండి."

"నా సభలో అలాంటివాళ్లకేం కొదవ!" అని రాజు నవ్వాడు.

తిప్పన పేరెత్తితేనే మండిపడే శరభయ్య అనే సభికుణ్ణి విచారణకి వేశారు. ఆయన పోలక్క చెప్పింది విన్నాడు, ఓబళయ్య చెప్పిందీ విన్నాడు. గజశాల పనివాళ్లని విడివిడిగా పిలిచి, ఎవరి భయమూ లేకుండా చెప్పమన్నాడు. చివరికి కొత్త మావటినీ పోలక్కనీ ఏనుగు దగ్గరికి తీసుకెళ్లాడు. కొత్తవాడు గుమ్మం దాటలేదు. పోలక్క పిలవగానే ఏనుగు మోకాళ్లు వంచింది.

శరభయ్య సభకొచ్చి మొహం చిట్లించుకున్నాడు. "ప్రభూ, ఈ మాట చెప్పడం నాకు చేదుగానే ఉంది. తిప్పన చెప్పిందే నిజం. ఆ కొలువు పోలక్కది, గుడిసె కూడా ఆమెదే."

ఆ మాట వినగానే పోలక్క సంతోషంతో ఏడ్చేసింది. ఓబళయ్య పదవి ఊడింది. రాజు తన మెడలోని హారం తీసి తిప్పనకివ్వబోయాడు.

"అది శరభయ్యకివ్వండి ప్రభూ," అన్నాడు తిప్పన. "పొట్టేలుని తోలుకురావడం ఎవడైనా చేస్తాడు. గిట్టనివాడి మాటే నిజమని నలుగురిలో ఒప్పుకోవడం తేలికా?"

రాజు కడుపు పట్టుకుని నవ్వి, ఇద్దరికీ చెరొక హారం వేశాడు. శరభయ్య తనది పుచ్చుకున్నాడు గాని, తిప్పన వైపు మాత్రం చూడనైనా లేదు.