మైనంలో బొటనవేలు

భాస్కరమ్మగారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. విజయనగరంలో ఆవిడ దగ్గర వీణ నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నలభై రెండో ఏట బుద్ధి పుట్టి నేను వీణ పట్టినప్పుడు, అసలు నాకు ఈ విద్య వస్తుందా అని అడిగాను. ఆవిడ చాటెడు చిక్కుడుకాయలు నా ముందు పెట్టి ఈనెలు తియ్యమన్నారు. తీశాను. తీసిన ఈనెలన్నీ సగంలో తెగిపోయి ఉండడం చూసి, మూడేళ్ళు పడుతుందన్నారు. ఐదేళ్ళు పట్టింది. అది ఆవిడ లెక్క తప్పు కాదు, నా వేళ్ళ తప్పు.

గవరయ్య కూడా ఆవిడ శిష్యుడే. అయితే అతను కచేరీలు చెయ్యడానికి నేర్చుకున్నవాడు కాదు, వీణలకు మేళం కట్టే పనివాడు. వీణ దండి మీద మసి కలిపిన మైనం పోసి, ఆ మైనంలో ఇరవైనాలుగు మెట్లు ఒక్కొక్కటే చెవితో విని నిలబెట్టడాన్ని మేళం కట్టడం అంటారు. పనస చెక్క ఎంత మేలైనదైనా, దాని మీద నగిషీ ఎంత ముద్దుగా ఉన్నా, మెట్టు తప్పిందంటే అది వీణ కాదు, సామాను. అందుకే వీణలు చేసే అచ్చన్నగారు, ఇరవయ్యేళ్ళ గవరయ్యను పనిలోకి తీసుకున్నప్పుడు, ముందు స్వరస్థానాలు తెలియాలని భాస్కరమ్మగారి దగ్గరికి పంపారు. మూడేళ్ళు వారం వారం బస్సెక్కి వచ్చి నేర్చుకున్నాడు. ఇది జరిగేనాటికి అతనికి నలభై ఏడు. అచ్చన్నగారు పోయి పన్నెండేళ్ళయింది, కార్ఖానా ఆయన కొడుకు జగదీష్ చేతికి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున్న నా పాఠం మధ్యలో గవరయ్య వచ్చాడు. అరటిపళ్ళ అత్తం గుమ్మం పక్కన పెట్టి, గోడకు చేరబడి కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగాడు. పిల్లలు బాగున్నారా అంటే బాగున్నారన్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మగారూ, పని మానీమంటారా?"

విషయం ఇది. విశాఖపట్నంలో ఒక పెద్ద ఫర్నిచర్ షాపువాళ్ళు మంచాలకూ బీరువాలకూ పాలిష్ పట్టడానికి రమ్మంటున్నారు. జీతం ఎక్కువే, ఆదివారం సెలవు కూడాను. వస్తాడో రాడో సోమవారం, అంటే మర్నాడే, చెప్పాలి. జీతం కోసమే అయితే పదేళ్ళ కిందటే పోయేవాణ్ణి అన్నాడు గవరయ్య. అతని బాధ వేరు. అంతకు నెల ముందు ఎవరో పెద్దవాళ్ళు కార్ఖానా చూడ్డానికి వచ్చారట. జగదీష్ ఒక్కొక్కర్నీ చూపించి, ఇతను దండి తీస్తాడు, ఇతను సింహముఖం చెక్కుతాడు అని పరిచయం చేసి, గవరయ్య దగ్గరికి వచ్చేసరికి "ఇతను మైనం పూస్తాడు" అన్నాడట. ఫొటో తీసేటప్పుడు వీణ ఇతని చేతుల్లోంచి తీసుకుని, కొంచెం పక్కకు జరగమన్నాడట.

"ఇరవయ్యేడేళ్ళు సొరం నిలబెట్టినాను. మైనం పూసీవోణ్ణి అయిపోనాను," అన్నాడు గవరయ్య. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. కానీ ఆ మాట నేను పైకి అనలేదు, అంటే అతనికి మందు అయ్యేదీ కాదు. రాజీనామా కాగితం రాసి జేబులో పెట్టుకుని, నేను పనిచేసే తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగినవాణ్ణి నేనూను. ఆ కాగితం ఎంత బరువుంటుందో నాకు తెలుసు.

తర్వాత అతను చెప్పిన సంగతి మాత్రం నన్ను పట్టేసింది. అచ్చన్నగారి రోజుల్లో ఒక పద్ధతి ఉండేదట. మేళం కట్టడం అయ్యాక పెద్దాయన వీణ ఒళ్ళో పెట్టుకుని, దండికి చెవి ఆనించి, ఒకే తీగ మీద కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా మీటుకుంటూ పోయేవారు. అంతా విని ఒక్క మాట అనేవారు, "పలికింది" అని. మెచ్చుకోలుగా కూడా కాదు, వాన వచ్చింది అన్నట్టు అనేవారు. ఆ మాట పడ్డాకే వీణకు గలీబు తొడిగేవారు. పలకలేదంటే మాత్రం, పొద్దుగూకినా సరే, మైనం కరిగించి మళ్ళీ మొదలు. ఇప్పుడు జగదీష్ సెల్‌ఫోను దగ్గర పెట్టి మీటమంటాడు. పచ్చ లైటు వెలిగితే సరే, ఎర్ర లైటు వెలిగితే మార్చాలి. అతను తలెత్తి కూడా చూడడు.

"ఆ మాట ఇనీసి పన్నెండేళ్ళయిపోనాదమ్మా," అన్నాడు గవరయ్య. "సంజేళ పని దించీసినప్పుడల్లా, ఎవులో అంటారేమోనని సెవి అటే పోతాది." అతని చూపు గుమ్మం అవతల ఎక్కడో ఉంది. అన్నం పెట్టే ఇంట్లో ఆకలితో ఉన్నవాడి ముఖం అలాగే ఉంటుంది.

భాస్కరమ్మగారు అంతా విన్నారు. ఉండమనలేదు, మానమనలేదు. లోపలి గదిలో మంచం మీదున్న వీణ తెమ్మని నాకు చెప్పారు. అది హైమ అనే శిష్యురాలి వీణ. పై స్థాయిలో అపస్వరం వస్తోందని మూడు రోజుల కిందట తెచ్చి వదిలి వెళ్ళింది. "ఈ పాత మేళం తీసేసి కొత్తది కట్టు నాయనా. ఎలాగూ వచ్చావు," అన్నారు గవరయ్యతో. అడిగినదానికీ దీనికీ సంబంధం ఏమిటని అతనూ అడగలేదు. ఆవిడ సంగతి అతనికి నాకంటే ముందు నుంచీ తెలుసు.

పాత మేళం విప్పేముందు మేళం కట్టేవాళ్ళకొక ఆచారం ఉంది. అప్పటికి అది ఎలా పలుకుతోందో అలాగే అన్ని మెట్లూ ఒకసారి మీటి వినాలి. ఎవరో ఎప్పుడో కూర్చుని కట్టిన మేళాన్ని వినకుండా పీకేస్తే పాపమంటారు. పాత చేతికి దణ్ణం పెట్టడం అంటారు దాన్ని. గవరయ్య తీగలు బిగించి, వీణ ఒళ్ళో పెట్టుకుని, చెవి దండికి ఆనించాడు. మీటుకుంటూ పోయాడు. గాంధారం దగ్గర ఆగాడు. వెనక్కి వచ్చి మళ్ళీ మీటాడు. ఈసారి వేలు కొంచెం గట్టిగా నొక్కి మీటాడు. కళ్ళు మూసుకున్నాడు. పై స్థాయిలో రెండు మెట్లు పక్కకు జరిగి ఉన్నాయి, అక్కడ మొహం చిట్లించి ముందుకు పోయాడు. చివరి మెట్టు అయ్యాక పెదవులు కదిలాయి. ఏదో అన్నాడు. పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు.

కాసేపటికి తలెత్తి, ఈ మేళం తీయనన్నాడు. ఇది పెద్దాయన చెయ్యి అన్నాడు. గాంధారాన్ని ఆయన వెంట్రుకవాసి కిందకు పెట్టేవారట. వాయించేవాళ్ళు వేలు నొక్కితే తీగ బిగిసి స్వరం ఆ కాస్తా పైకి వస్తుంది కాబట్టి, వాయించే వేలికి చోటు వదలాలిరా అనేవారట. ఫోనుకు ఆ లెక్క తెలియదు. అక్కడ ఎర్ర లైటు వెలుగుతుంది. అందుకని ఆరేళ్ళుగా తాను అలా పెట్టడం మానేశానన్నాడు. ఇలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదమ్మా అంటూ ఆ మైనాన్ని పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరాడు. ఆయనే ఉంటే నాకు ఈ పాలిష్ పని ఎందుకని కళ్ళు తుడుచుకున్నాడు. గురువు పోయిన పన్నెండేళ్ళకు ఆయన గొంతు విన్నవాడిలా ఉన్నాడు.

భాస్కరమ్మగారు కొబ్బరినూనెలో తడిపిన గుడ్డ ఒకటి ఇచ్చి, తీయకపోతే తీయకపోయావు, ఆ జిడ్డన్నా తుడవమన్నారు. మేళం చివర, కుండ వైపు, మైనాన్ని బొటనవేలితో అదిమి ముగిస్తారు. పెద్దాయనా అలాగే చేసేవారు, ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళందరూ అలాగే చేస్తారు. ఆ గుంటలో ఏళ్ళ తరబడి దుమ్మూ నూనే పేరుకుని నల్లటి ముద్దయింది. గవరయ్య మెల్లగా తుడిచాడు. గుంట తేలింది. గుంట మధ్యలో అడ్డంగా, కాస్త ఏటవాలుగా, ఒక గీత కూడా తేలింది.

అతను ఆ గీత వంక చాలాసేపు చూశాడు. తర్వాత తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. పనిలో చేరిన కొత్తలో ఉలి జారి తెగిన మచ్చ దాని మీద ఏటవాలుగా ఉంది. వేలిని గుంటలో పెట్టాడు. సరిగ్గా పట్టింది.

హైమ ఈ వీణ ఎప్పుడు కొన్నదని అడిగాడు. అచ్చన్నగారు పోయిన మరుసటి ఏడు కొన్నదనీ, తానే వెంట ఉండి కొనిపెట్టాననీ భాస్కరమ్మగారు చెప్పారు. అంటే ఆ మేళం కట్టిననాటికి పెద్దాయన లేరు. దండికి చెవి ఆనించినవాళ్ళు ఎవరూ లేరు. ఒక్క మాట అన్నవాళ్ళూ లేరు. గవరయ్య ఒక్కడే కూర్చుని, ఒక్కడే విని, ఒక్కడే గలీబు తొడిగి పంపేశాడు. వందల వీణల్లో అదొకటి, అతనికి గుర్తు కూడా లేదు.

"ఇందాక అంతా మీటాక నీ నోట ఒక మాట వచ్చింది," అన్నారు భాస్కరమ్మగారు. "నేను విన్నాను. నువ్వు విన్నావో లేదో."

అప్పుడు నాకూ తెలిసింది, అతని పెదవులు అన్న మాట ఏదో. పన్నెండేళ్ళుగా అతను ఏ నోటి నుంచి వినాలని చెవి అటు పెట్టుకుని కూర్చున్నాడో ఆ నోరు మట్టిలో కలిసిపోయింది, ఆ మాట మాత్రం, పెద్దాయన మేళం అనుకుని, తన మేళానికి తానే అనేశాడు. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. దానికి సంతోషం కారణమా, జాలి కారణమా అంటే చెప్పలేను.

ఆ తర్వాత అతను వంటింట్లోకి వెళ్ళి ఇనపబద్ద స్టౌ మీద వేడి చేసి తెచ్చాడు. జరిగిన రెండు మెట్ల కింది మైనం మాత్రం మెత్తబరిచి, వాటిని సరిచేశాడు. జేబులో ఫోను ఉంది, తీయలేదు. ఒక్కో మెట్టునూ నొక్కి, మీటి, వదిలి, మళ్ళీ నొక్కి, గంటసేపు ఆ రెండింటితోనే ఉన్నాడు. నా పాఠం సంగతి అందరూ మరిచిపోయారు, నేనూ గుర్తు చెయ్యలేదు. పని దించి, అలవాటు కొద్దీ తలెత్తి భాస్కరమ్మగారి వైపు చూశాడు. ఆ చూపులో ఉన్న ఆశకు రాయయినా ఏదో ఒకటి అనేసేది. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు, తల ఎత్తలేదు. అతను కాసేపు అలాగే చూసి, తల వంచి, మళ్ళీ దండికి చెవి ఆనించి కింది మెట్టు నుంచి మొదలుపెట్టాడు. చివరిదాకా విన్నాడు. ఏమీ అనకుండా వీణకు గలీబు తొడిగాడు. తొడిగాడంటే అర్థం ఏమిటో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు.

వెళ్ళేముందు ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు. మెట్టు దిగి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"మరయితే రేపు ఆళ్ళకేటి సెప్పమంటారమ్మగారూ?"

"అది నీ ఇష్టం నాయనా. ఉంటే ఉండు, వెళ్తే వెళ్ళు," అన్నారు ఆవిడ, చాటలోంచి తల ఎత్తకుండానే. "ఎవరడిగినా ఆ బొటనవేలు మాత్రం ఇవ్వకు."