కాటమ్మ నడుం, సూరప్ప వైద్యం

నల్లకొండ కింద, వాగు ఒడ్డున, ఎలుగుబంటి కాటమ్మకు చిలగడదుంపల మడి ఉండేది. మడికీ వాగుకీ మధ్య ఒక్క మట్టిగట్టే అడ్డం. గట్టి వాన పడితే ఆ గట్టు నిలవదని అడవిలో అందరికీ తెలుసు. అందుకే చీమలు గుడ్లు మోసుకుంటూ కొండెక్కడం చూసినప్పటినుంచీ కాటమ్మకు ముద్ద మింగుడుపడటం లేదు. మొగుడు పోయాడు. గుహలో ఇంకా కళ్ళు సరిగ్గా తెరవని పసికూనలు ఇద్దరు. చలికాలం గడవాలంటే ఆ దుంపలే దిక్కు.

అయిదారు రోజుల్లో వాన తప్పదనుకుని ఆమె తెల్లవారగానే మడిలోకి దిగింది. పొట్టి పిడి పార పట్టుకుని, నడుం రెండుగా మడిచి తవ్వడం మొదలుపెట్టింది. మధ్యాహ్నమైనా తల ఎత్తలేదు.

గట్టు మీద ముసలి ఎద్దు కపిలయ్య మేస్తున్నాడు. ఊళ్ళో ఇరవై ఏళ్ళు కాడి మోసి, ఇక చాలని వదిలేస్తే అడవి చేరినవాడు.

"అమ్మాయ్, పొద్దుటినుంచీ వంగిన నడుం వంగినట్టే ఉంది. కాస్త లేచి నిలబడు," అన్నాడు.

"నిలబడితే దుంపలు వాటంతటవే పైకొస్తాయా తాతా?"

"రావు. కానీ సాలుకొకసారి లేచి, చేతులు నడుం మీద పెట్టుకుని కాస్త వెనక్కి వాలితే పోయేదేముంది? ఆ పిడి కూడా నీకు పొట్టి. పొడుగు కర్ర వేసుకో. లేకపోతే ఒక మోకాలు నేలకానించి తవ్వు."

"ఇరవై సాళ్ళున్నాయి. నేను కర్రలు వెతుక్కుంటూ కూర్చుంటే వాన ఆగుతుందా?"

"పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు."

"ఆ నీళ్ళొస్తాయనే కదా నా భయం," అంది కాటమ్మ, మళ్ళీ వంగింది.

పొద్దు వాలేసరికి నాలుగు సాళ్ళు అయ్యాయి. తట్ట నిండా దుంపలు నింపింది. కాళ్ళు బిగబట్టి, తట్టను చేతులు చాచి ఎత్తి, నడుం తిప్పి గట్టు మీద పెట్టబోయింది. నడుంలో ఏదో కలుక్కుమంది. తట్ట జారిపోయింది. దుంపలు దొర్లాయి. లేవబోతే నొప్పి, వంగబోతే నొప్పి. ఉన్నచోటే కాసేపు ఊపిరి బిగబట్టి నిలబడింది. గుహ అక్కడికి వంద అడుగులు కూడా లేదు. చెట్లు పట్టుకుంటూ, ఆగుతూ వెళ్ళి పడేసరికి చీకటి పడింది.

మర్నాడు పొద్దున్నే నక్క సూరప్ప వచ్చాడు. చంకలో వేళ్ళ మూట పెట్టుకుని తిరుగుతూ వైద్యుణ్ణని చెప్పుకుంటాడు.

"అయ్యో అక్కా, ఎంత పని జరిగింది," అని చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, పెదవి విరిచి తల అడ్డంగా ఊపాడు. అది చూసే కాటమ్మకు సగం ప్రాణం పోయింది.

"చెప్పు తమ్ముడూ."

"వెన్నుపూస జారింది. పదిహేను రోజులు వెల్లకిలా పడుకోవాలి. పక్కకి ఒత్తిగిల్లినా సరే, కాళ్ళు చచ్చుబడతాయి. ఇక జన్మలో లేవవు."

"పదిహేను రోజులా? నా మడి ఏం కావాలి?"

"నేను లేనా? అడవిపందులు రాకుండా కాపలా కాస్తాను. నువ్వు మాత్రం కదలకు. నీ కోసం కాదు, ఆ పసివాళ్ళ కోసం చెబుతున్నా."

ఆ చివరి మాట ఆమె గుండెల్లో దిగింది. నక్క వినయాలని తెలిసినా, భయపడ్డవాళ్ళకు ఎదుటివాడి మొహం కనబడదు. ఆ రోజంతా బండ మీద వెల్లకిలా పడుకుంది. కూనలు ఏడిస్తే చెయ్యి మాత్రం చాచి దగ్గరికి లాక్కుంది. సాయంత్రానికి నడుం ఎండుకట్టెలా బిగుసుకుపోయింది. కాళ్ళు కదులుతున్నాయో లేదోనని వేళ్ళు ఆడించి చూసుకునేది. ఆడించినందుకు ఏమవుతుందోనని మళ్ళీ హడలిపోయేది. బయట గాలి తేమగా వీస్తోంది.

రెండో రోజు పొద్దున కపిలయ్య గుహ ముందుకొచ్చి తల లోపలికి పెట్టాడు.

"నీ మడిలో మట్టి ఎగురుతుంటే నువ్వేననుకున్నా. చూస్తే సూరప్ప. నిన్నటినుంచీ తవ్వుతున్నాడు. దుంపలన్నీ గట్టు పక్కన పోగుపోసి టేకాకులు కప్పుతున్నాడు. నువ్వెక్కడని అడిగితే నీ నడుం సంగతి చెప్పాడు."

కాటమ్మ ఒక్కసారిగా లేవబోయింది. నొప్పి మెరుపులా కొట్టింది. కెవ్వుమని పడిపోయింది.

"తొందరపడకు. ముందు నేనడిగింది చెప్పు," అన్నాడు కపిలయ్య. "కాళ్ళకు తిమ్మిరి ఉందా? పాదాల్లో పట్టు తప్పిందా? ఒంటికి, రెంటికి ఇబ్బంది ఉందా?"

"అవేం లేవు. నడుమే."

"అయితే బతికిపోయావు. వాటిలో ఏ ఒక్కటున్నా నిన్ను నా వీపున వేసుకుని కొండవతల పెద్ద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. ఇది పట్టేసిన నడుం. నాకు నాలుగుసార్లు పట్టింది. మొదటిసారి కొట్టంలో కట్టేసి పడుకోబెట్టారు. పది రోజులకు నిలబడటమే మరిచిపోయాను. తర్వాతిసారి పాలేరు రోజూ నన్ను మెల్లగా అటూ ఇటూ నడిపించాడు. వారానికి తేరుకున్నా."

"కదిలితే చచ్చుబడతానన్నాడు తాతా. నాకేమన్నా అయితే వీళ్ళు?"

కపిలయ్య కూనల వైపు చూశాడు.

"నీ భయం నాకు తెలుసు. నా మాట కూడా నమ్మవద్దు. నీ ఒంటినే అడుగు. పక్కకు తిరుగు. మోకాళ్ళు ముడుచుకో. కాళ్ళు కిందికి జార్చి, చేత్తో బండను నెట్టి లే. నొప్పి బాగా ఎక్కువయితే ఆగిపో."

ఆమె ఒత్తిగిల్లింది. ఏ క్షణం కాళ్ళు చల్లబడతాయోనని పళ్ళు బిగబట్టింది. ఏమీ కాలేదు. చేతిమీద బరువు వేసి కూర్చుంది, తర్వాత గోడ పట్టుకుని నిలబడింది. నొప్పి ఉంది, కానీ నిన్నటంత లేదు. పది అడుగులు వేసి వచ్చి కూలబడి, కన్నీళ్ళు తుడుచుకుంది.

"ఎండకు కాగిన ఇసుక గుడ్డలో కట్టి కాపడం పెట్టుకో," అన్నాడు ఎద్దు. "పడుకున్నప్పుడు పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య గడ్డిమోపు పెట్టుకో. గంటకోసారి లేచి నడు. ఇక పద, ఆ దొంగ సంగతి చూద్దాం. వాణ్ణి కుమ్మేసి వస్తాను."

కాటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు తాతా. వాణ్ణి తరిమేస్తే మిగతా సాళ్ళు ఎవరు తవ్వుతారు? నేను తవ్వలేను. నీ గిట్టలు పడితే దుంపలు చితికిపోతాయి. వాన రెండు మూడు రోజుల్లో ఉంది. తవ్వనీ."

కపిలయ్య చెవులు ఆడించాడు. "ఈలోగా మోసుకుపోతే?"

"ఒక్కడే మోయలేడు. ఎవరినో పిలుస్తాడు. అది కనిపెట్టడం నీ పని."

ఆ రోజునుంచీ సూరప్ప వచ్చే వేళకు కాటమ్మ వెల్లకిలా పడుకునేది.

"కదిలావా అక్కా?"

"లేదు తమ్ముడూ. మడి ఎలా ఉంది?"

"పందులు చాలా పాడుచేశాయి. నువ్వు దిగులు పెట్టుకోకు."

అతను వెళ్ళగానే లేచి నడిచేది. మొదట గుహ చుట్టూ, తర్వాత చింతచెట్టు దాకా. ప్రతి అడుగుకీ ఒక దిగులు. నడుం మళ్ళీ పట్టేస్తే? వాన ముందే వస్తే? తన తెలివే తన కొంప ముంచితే? కాపడం పెట్టుకుంటూ మబ్బుల వైపు చూసేది.

అయిదో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. సూరప్ప ఒళ్ళంతా మట్టితో వచ్చాడు.

"వాగవతల చుట్టాల్ని చూసి వస్తాను అక్కా. నువ్వు కదలకు సుమా."

అతను వాగు దాటడం చూసి కపిలయ్య పరుగున వచ్చాడు. వీపుకి రెండువైపులా గోతాలు వేలాడుతున్నాయి. ఇద్దరూ మడికి వెళ్ళి చూస్తే తవ్వని సాలు ఒక్కటి కూడా మిగల్లేదు. టేకాకుల కింద దుంపలు కొండలా ఉన్నాయి.

కాటమ్మ ఆత్రంగా పెద్ద తట్ట అందుకుంది.

"సగమే నింపు," అన్నాడు కపిలయ్య.

"వాడు వచ్చేస్తాడు తాతా. చినుకు పడుతోంది."

"సగమే. నిండుతట్ట ఎత్తి నువ్వు పడిపోతే దుంపలూ ఉండవు, నువ్వూ ఉండవు."

ఆమె ఒక మోకాలు నేలకానించి, సగం తట్టను పొట్టకు దగ్గరగా పట్టుకుని, కాళ్ళ బలంతో లేచింది. నడుం తిప్పకుండా అడుగులు మార్చి ఎద్దు వైపు తిరిగింది. గోతంలో పోసింది. మళ్ళీ వంగింది. చేతులు తొందర పడుతున్నాయి, మనసు వాటిని పట్టి ఆపుతోంది. నాలుగు తట్టలకోసారి నిలబడి వెనక్కి వాలింది. అలా నిలబడ్డ ప్రతిసారీ వాగవతలికి చూసింది. గోతాలు నిండడం, గుహకు వెళ్ళి రావడం, మళ్ళీ నింపడం. ఏడో విడతకు పోగు అయిపోయింది. ఆకులు ఎలా ఉన్నవి అలాగే కప్పి, ఇద్దరూ గుహ చేరేసరికి జల్లు జోరందుకుంది.

సూరప్ప ఏడుగురు చుట్టాలతో, బుట్టలతో వచ్చి, దర్జాగా ఆకులు ఎత్తాడు. కింద తడిమట్టి తప్ప ఏమీ లేదు. ఉరుక్కుంటూ గుహకు వచ్చాడు. కాటమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పక్కన కపిలయ్య కొమ్ములు కాస్త వంచి నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు లేచావా," అన్నాడు సూరప్ప నీరసంగా.

"లేచాను తమ్ముడూ. పదహారు సాళ్ళు తవ్విపెట్టావు. నీ రుణం ఉంచుకోను," అని నాలుగు దుంపలు తెచ్చి అతని ముందు పెట్టింది.

వెనక చుట్టాలు ఆ నాలుగింటినీ లెక్కపెట్టి, సూరప్ప మొహం చూశారు. "విందన్నావు కదా మావా," అన్నాడొకడు. ఇంతలో గట్టు తెగిన చప్పుడు వినిపించింది. మడి మునిగింది. వాగు దాటి వెనక్కి వెళ్ళే దారి పోయింది. చుట్టాలు ఏడుగురూ సూరప్ప బొరియలోనే దిగారు. వాగు తీసేదాకా తొమ్మిది రోజులు కూర్చుని, అతను దాచుకున్న ఎండు పీతలన్నీ తిని, చాల్లేదని తిట్టి మరీ వెళ్ళారు.

పనికోసం వంగినవాడు మధ్యమధ్య లేచి నిలబడాలి; లేవవద్దని భయపెట్టేవాడికి అందులో ఏం లాభమో తెలుసుకోకుండా నమ్మకూడదు.