సింగరమ్మ కొన్న తుపాకి

కుందవరం సంస్థానంలో ఏటా జరిగే గురిపోటీలో గెలిచినవారికి జత ఎడ్లు ఇచ్చేవారు. వడిసెలతో చిటారుకొమ్మ చింతకాయనైనా రాల్చగల సింగరమ్మకు ఆ ఎడ్ల మీద ఆశ పుట్టింది. మేకను అమ్మిన డబ్బు కొంగున ముడివేసుకుని, మొదటి తుపాకి కొనడానికి పట్నంలో వరదయ్య కొట్టుకు వెళ్లింది.

దివాణానికి కూడా తానే తుపాకులు అమ్ముతానని వరదయ్యకు మహా గర్వం. ఒకసారి గుళ్లు నింపితే చాలు, మీట నొక్కినప్పుడల్లా పేలే కొత్తరకం తుపాకులు అతని దగ్గర ఉన్నాయి. వెండిపూలు చెక్కినదొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని ధరకు మేకల మందే అమ్మాలి.

"పూలు లేనిది లేదా అయ్యా?"

"ఉంది. కానీ అదీ ఒక తుపాకేనా! రెండోసారి నొక్కితే పేలదు. ఊరికే ఇచ్చినా దండగే."

సింగరమ్మ గుమ్మం వైపు చూసింది. అక్కడి కాపలావాడి భుజాన పూలు లేని తుపాకే వేలాడుతోంది.

"అయ్యో, ఇంత కొట్టుకూ కాపలా అదేనా? ఇద్దరు దొంగలొస్తే రెండోవాణ్ణి ఏం చేస్తారు?" అని గట్టిగా అడిగింది.

బజారులో పోయేవాళ్లు ఆగి చెవులు రిక్కించారు. వరదయ్యకు చెమటలు పట్టాయి.

"మెల్లగా తల్లీ! ఎన్నిసార్లు నొక్కినా అది పేలుతుంది. నేనే స్వయంగా చూశాను!"

"అయితే నాకూ అదే ఇప్పించండి. ఊరికే ఇచ్చినా దండగన్నారు గాని, పాపం, మేక డబ్బంతా ఇచ్చేస్తాను."

వరదయ్య మేక డబ్బు తీసుకుని తుపాకి ఇచ్చాడు. ఆమె ఇంకో మాట అనకముందే గుమ్మం దాటించాలని గుళ్ల సంచీ కూడా ఊరికే చేతిలో పెట్టాడు.