మూడడుగుల సందు

గురువు అనగానే మనవాళ్ళ కళ్ళముందు ఒక గడ్డం మెదులుతుంది. సత్యవేణి గారికి గడ్డం లేదు. మోకాళ్ళ నొప్పులున్నాయి, నాలుగు నూలు చీరలున్నాయి, అవతలివాళ్ళు అరిస్తే తప్ప వినిపించని ఒక పాత ఫోను ఉంది. ముప్పైయేళ్ళు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక, విజయనగరం వైపు ఒక చిన్న పట్నంలో అద్దె గదుల్లో బతికే కూలి ఆడవాళ్ళను కూడగట్టి గృహ సంఘం పెట్టారు. లాభం చూసుకోని సంఘం. ఎవరో దాత ఇచ్చిన మెట్ట మీద తక్కువ ఖర్చులో ఇళ్ళు కట్టించి, వాటిని ఆడవాళ్ళ పేరున రాయించడం దాని పని. తత్వం చెప్పే గురువులకు వెనక వంటింట్లో ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి తీరిక దొరుకుతుంది. సత్యవేణి గారి వెనక ఎవరూ లేరు. అందుకని ఆమె తత్వం చెప్పేవారు కాదు. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే, "మంగళవారం మీటింగుకి రా" అనేవారు. వచ్చినవాళ్ళను ఒక పక్కన కూర్చోబెట్టి, అడిగితే తప్ప నోరు తెరవొద్దనేవారు. చాలామంది రెండో మంగళవారం కనిపించేవారు కాదు.

విపంచి మాత్రం ఏడాదిగా వస్తోంది. ఆర్కిటెక్చరు చదివిన పిల్ల. నగరంలో డబ్బున్నవాళ్ళ విల్లాలకు బాత్రూములు గీసి గీసి విసుగెత్తి, ఇక్కడ సంఘంలో చేరింది. మెట్ట మీద కట్టబోయే ఇళ్ళకు నమూనా గీసే పని ఆమెదే. గీసే ముందు ప్రతి కుటుంబం ఇప్పుడు ఎలా ఉంటోందో చూడాలని, వాళ్ళుండే అద్దె గదులకు వెళ్ళింది. గదులంటే గదులు కావు. ఒక పొడవాటి రేకుల షెడ్డును చెక్కలతో అరలు చేసి, అరకొక సంసారాన్ని పెట్టారు. అసిరమ్మ అనే ఆమె అరలో విపంచి టీ తాగుతూ కూర్చుంది. అసిరమ్మ మిల్లులో జీడిపిక్కలు ఒలుస్తుంది. మొగుడు అప్పలసూరి లారీలకు లోడింగు చేస్తాడు. ఆ రోజు అతను అన్నానికి వచ్చి, పులుసు చల్లారిపోయిందని గొంతు పెంచాడు. చెక్కకు అవతల ఎవరో దగ్గారు. అతను గొంతు తగ్గించి తినేసి వెళ్ళిపోయాడు. విపంచి తన నోటుపుస్తకంలో రాసుకుంది: "పక్క గదిలో దగ్గు కూడా వినిపిస్తోంది. గోప్యత శూన్యం."

ఆ బాధతోనే ఆమె నమూనా గీసింది. పేదవాళ్ళకు కూడా ఎవరి చెవులూ చేరని నాలుగు గోడలు ఉండాలనుకుంది. ఇంటింటికీ తొమ్మిదించుల గోడ, ఇంటికీ ఇంటికీ మధ్య మూడడుగుల సందు. మెట్ట మీద రెండు వరుసలు, వరుసకు పది ఇళ్ళు. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

చిక్కల్లా ఒకటే. జాబితాలో ఇరవైఒక్క పేర్లున్నాయి.

ఇరవైఒకటో పేరు వరాలుది. ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. దరఖాస్తు అందరికంటే ముందే ఇచ్చింది గానీ, కుటుంబ యజమాని అన్నచోట తన పేరే రాసుకుంది. కొట్టే మొగుణ్ణి వదిలేసి పదేళ్ళయింది, ఇంకెవరి పేరు రాస్తుంది? కమిటీలో ఉన్న పట్నం పెద్దమనుషులకు మగవాడు లేని ఇల్లు సగం ఇల్లులాగే కనిపించింది. అందుకని ఆ పేరును మర్యాదగా అడుక్కు జరిపారు. ఇప్పుడు స్థలం చాలదు కాబట్టి వచ్చే విడతలో చూద్దామంటున్నారు. వచ్చే విడత ఎప్పుడో ఎవరికీ తెలీదు. రేకుల షెడ్డు యజమాని మాత్రం వానలకు ముందే దాన్ని కూల్చేస్తానని అందరికీ చెప్పేశాడు. అంటే వానలు పడేనాటికి ఇరవై మంది కొత్త గోడల మధ్య ఉంటారు, వరాలు ఆసుపత్రి వరండాలో ఉంటుంది.

పడమటి వరుసలో సందులు తీసేసి గోడలు కలిపితే అక్కడ పదకొండు ఇళ్ళు పడతాయని సత్యవేణి గారు లెక్క తేల్చారు. అయితే ఆ వరుసలో పదిమంది ఆడవాళ్ళూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. విపంచికి ఇది నచ్చలేదు.

"మేడం, వరాలుకి ఇల్లు రావాలనే నాకూ ఉంది. కానీ అందుకోసం పదిమందిని గోడకు గోడ అంటించి ఇరికిస్తామా? ఇన్నాళ్ళూ ఒకరి నోరు ఒకరికి వినబడుతూ బతికారు. మంచి ఇల్లు కట్టివ్వడం మన పని. కట్టాక కలిసుంటారో, విడిగా ఉంటారో వాళ్ళిష్టం. ఇరుగుపొరుగును కూడా మనమే కట్టాలా?"

సత్యవేణి గారు కళ్ళద్దాలు తుడుచుకుని, "మంగళవారం మీటింగుకి రా" అన్నారు.

ఆ మంగళవారం మీటింగు మెట్ట మీదే పెట్టారు. పునాదుల కోసం నేలమీద ముగ్గు పోసి ఉంది. తెల్లటి గీతల్లో ఇరవై ఇళ్ళు, వాటి మధ్య సందులు. ఎవరిది ఏ ఇల్లో ముందే తేలింది కాబట్టి ఆడవాళ్ళు తమ తమ గీతల మధ్యకు వెళ్ళి కూర్చున్నారు. వంటిల్లు ఎక్కడొస్తుందో చూసుకుని సరిగ్గా అక్కడే కూర్చున్నవాళ్ళు చాలామంది. మొగుళ్ళు ముందుగదిలో నిలబడ్డారు. ఇల్లు ఇంకా లేచింది లేదు గానీ, ఎవరి చోటు వాళ్ళకు తెలిసిపోయింది. తన పేరున ముగ్గే లేని వరాలు ఇసక కుప్ప మీద కూర్చుంది. పడమటి వరుస చివరి ఇల్లు అసిరమ్మది. ఆ కుప్ప దాని పక్కనే.

సత్యవేణి గారు సంగతంతా రెండు ముక్కల్లో చెప్పారు. అప్పలసూరి అందరికంటే ముందు అందుకున్నాడు.

"గోడలు కలిపీడమేటండి? నా గోడకి ఆడెవడో మేకు కొడతాడు, ఆడి గోడ నెమ్ము నా ఇంటికొస్తాది. ఇల్లంతే నాలుగు గోడలూ మనియే అవ్వాల. సందుండాల. మొగుడు నేని మనిసి కోసరం పదిళ్ళు కదిపీమంతే ఎలగ?"

"అలగే సెప్పు బావా," అని తూర్పు వరుసలో ఒకామె నవ్వింది. "మొగుడుంతేనే గదా గోడలు నిలబడతాయి. ఈ మెట్ట మీదకి ఇటికెలు మోసిందంతా మీరేనాయె."

ఆడవాళ్ళ నవ్వు ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి ముగ్గు గీతలు దాటుకుంటూ పోయింది. మోసింది ఎవరో అందరికీ తెలుసు. అప్పలసూరి తల వంచి బీడీ వెలిగించుకున్నాడు.

నవ్వు ఆగాక అసిరమ్మ లేచింది. ఎప్పుడూ మీటింగులో మాట్లాడే మనిషి కాదు. జీడిసొనకు నల్లబడ్డ వేళ్ళతో కొంగు సర్దుకుని విపంచిని అడిగింది. "ఇంజినీరు పాపా, నువ్వు గీసిన ఇంటిలో సెంబు కింద పడితే పక్కింటికి యినిపిస్తాదా?"

తన పనితనం గురించి మొదటిసారి ఎవరో అడిగారని విపంచి సంబరపడింది. "వినిపించదమ్మా. తొమ్మిదించుల గోడ, పైగా సందు కూడా ఉంది. చెంబు కాదు కదా, తలుపులు వేసుకుంటే లోపల గట్టిగా అరిచినా బయటికి రాదు."

వంటిళ్ళలో కూర్చున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పైట సర్దుకున్నవాళ్ళున్నారు, నేల మీద పుల్లతో గీసినవాళ్ళున్నారు. విపంచికి అర్థం కాలేదు. పరీక్షలో అన్నీ సరిగ్గా రాసి కూడా తప్పిపోయినట్టనిపించింది.

"అదీ ఇల్లంతే," అన్నాడు అప్పలసూరి.

అసిరమ్మ అతనివైపు చూడలేదు. "అదే పాపా, సందు తీసీసి, సన్నంది, నాలుగున్నరించుల గోడ ఒక్కటే పెడితేనో?"

"స్లాబు బరువు స్తంభాలు మోస్తాయి కాబట్టి ఇల్లు పడదు. కానీ అన్నీ వినిపిస్తాయమ్మా."

"అయితే నా ఇంటికి అదెట్టు. అవతలేపు వరాలప్ప ఇల్లుంతాది."

అప్పలసూరి బీడీ పారేశాడు. "నీకేటి పిచ్చా? మనింటి మాటలు మందికెందుకే? నానొప్పుకోను," అని గొంతు పెంచాడు.

ఇసక కుప్ప మీంచి ఒక దగ్గు వినిపించింది.

పెద్ద దగ్గేం కాదు. గొంతు సవరించుకున్నట్టుంది. అప్పలసూరి గొంతు మాట మధ్యలో దిగిపోయింది. అతను దిగిపోతోందని గమనించుకున్నట్టు కూడా లేదు, అంత అలవాటైపోయింది. విపంచి చేతిలో నోటుపుస్తకం చేతిలోనే ఉండిపోయింది. ఆ దగ్గు ఆమె ఇంతకుముందు విన్నది. విని, తారీఖు వేసి, తన అక్షరాలతో రాసుకున్నది.

"నువ్వు ఒప్పుకోవలసిన అవసరం లేదు బాబూ," అన్నారు సత్యవేణి గారు. "ఇల్లు ఆమె పేరున ఉంది. సంతకం ఆమెది."

అప్పలసూరి ఈసారి నెమ్మదిగానే అన్నాడు. "అది కాదండి టీచరుగారూ. ఊరందర్నీ వదిలీసి ఆవిడ పక్కనే ఎందుకంట? అడగండి."

అసిరమ్మ మొగుడి వైపు తిరిగింది. కోపంగా లేదు. బియ్యంలో రాయి చూపిస్తున్నట్టు చెప్పింది. "వరాలప్పకి నిద్ర తేలిక."

అని, తన ఇంటి చివరి గీతను, దాని పక్కనున్న సందు గీతను పాదంతో చెరిపేసింది. ఆ చెరిపిన పాదం కాసేపు అక్కడే ఆనించి నిలబడింది, గోడ అప్పుడే లేచిందా అన్నట్టు.

కుటుంబ గౌరవం అనేది చప్పుడైతే పగిలిపోయే వస్తువు కాబోలు, అందుకే మనవాళ్ళు దాన్ని మందపాటి గోడల మధ్య దాచుకుంటారు. ఆ సాయంత్రం పడమటి వరుసలో అలాంటి వస్తువు తమకు అక్కర్లేదని పదిమంది ఆడవాళ్ళు తేల్చుకున్నారు. ఉపన్యాసాలేం లేవు. "మాదీ సన్నగోడే ఎట్టండి" అని ఒకామె, "పిల్ల పురిటికొస్తాది, పక్కన మనిసి అలికిడుంతే దైర్యం" అని ఇంకొకామె. మూడో ఆమె ఏ కారణమూ చెప్పలేదు, లేచి తన గీత చెరిపేసింది. కారణం చెప్పనివాళ్ళను ఎవరూ అడగలేదు. వెలుగు తగ్గేసరికి ఆ వరుసలో సందులన్నీ పోయి, బూడిదరంగు నేల మీద తెల్లటి మరకలు మిగిలాయి. తూర్పు వరుసలో ఇద్దరు తమవి కూడా కలపమని వచ్చి పేర్లిచ్చారు. అక్కడ అవసరం లేదని విపంచి చెబితే, "స్తలం కోసరం కాదు పాపా" అన్నారు.

మగవాళ్ళలో కొందరు గొణిగారు. ఒకతను మాత్రం తన భార్య చెరిపిన గీతల బదులు ఒకే గోడకు ముగ్గు పోస్తూ, "ఇక్కడే కదా?" అని ఆమెనే అడిగాడు. వరాలు ఇసక కుప్ప దిగి వచ్చింది. తనకు కొత్తగా పోసిన నాలుగు గీతల మధ్యకు వెళ్ళి, వంటింటి చోటు చూసుకోలేదు. అసిరమ్మ ఇంటి వైపు గీత దగ్గర చతికిలబడి, మంచం ఇక్కడ పడుతుందా అని అడుగులతో కొలుచుకుంది. వానలు ఆ ఏడు ఆలస్యంగా వచ్చాయి. వచ్చేసరికి ఇరవైఒక్క ఇళ్ళకూ పైకప్పు పడింది.

అదంతా తర్వాతి మాట. ఆ మంగళవారం అందరూ వెళ్ళాక విపంచి ఇసక కుప్ప మీద కూర్చుని కొత్త నమూనా మొదలుపెట్టింది. పాత దాన్ని చింపెయ్యబోతే సత్యవేణి గారు వద్దని, మడిచి తన సంచిలో పెట్టుకున్నారు. చాలాసేపటికి విపంచి అడిగింది.

"మేడం, ఆ రోజు నేనడిగినదానికి మీరింకా జవాబు చెప్పలేదు."

"ఏం అడిగావు?"

"ఇరుగుపొరుగును కూడా మనమే కట్టాలా అని."

సత్యవేణి గారు మోకాళ్ళు పట్టుకుని లేచారు. చీకట్లో ముగ్గు తొక్కకుండా జాగ్రత్తగా నాలుగడుగులు వేశారు. విపంచి పెన్సిలు అందుకుంది.

"పోనీ ఇదైనా చెప్పండి. గోడ మందం ఎంతని రాయను?"

"దగ్గు దాటేంత," అన్నారామె.